నీళ్ళు వద్దన్నది నేనే



పోయిన భాగంలో అద్దె ఇళ్ళ గురించి రాసేను. "మీరేమిట్లు?" అని అడిగి తలుపు మూసుకున్న ఇంటివాళ్ళ గురించి. చదివి చాలామంది, "ఇప్పుడు సొంత ఇల్లు కట్టుకున్నారు కదా, ఆ సంతోషం కూడా రాయండి మేడమ్" అన్నారు. రాద్దామనే కూర్చున్నాను. సంతోషంతో మొదలెట్టేను గానీ నేను చేసిన ఒక తప్పు దగ్గర ఆగిపోయేను. ఆ తప్పు దాచి ఈ సిరీస్‌లో ఇంకో వ్యాసం రాయడం నాకు బాగోలేదు.

సంగతి చిన్నదే. మా వంటగట్టు మీద గ్రానైట్ పలకకి కన్నం కోయించి హాబ్ పెట్టించేము. హాబ్ అంటే గట్టు మీద పెట్టే స్టవ్ కాదు. పలకలో కన్నం చేసి లోపలికి దించేది. పైకి గాజు పలకా బర్నర్లూ మాత్రమే కనిపిస్తాయి.

మా అమ్మ దాన్ని చూసి, "పొయ్యిని గోతిలో దించుతారేటే?" అంది.

అమ్మ సంగతి కొంచెం చెప్పాలి. తన మొదటి పొయ్యి పెరట్లో మూడు రాళ్ళు. వానొస్తే వంట లేదు. చోడి అంబలి తాగి పడుకోడమే. మా ఊరి బుగత ఇంట్లో పదహారేళ్ళు అంట్లు తోమింది. ఆ ఇంటి వంటగది గడప ఏనాడూ దాటలేదు. గిన్నెలు పెరట్లోకి వచ్చేవి, తోమినవాటి మీద నీళ్ళు జల్లుకుని లోపలికి పట్టుకెళ్ళేవారు. 1999లో దీపం పథకం వచ్చేక మా పేటలోకి గ్యాస్ బండలు వచ్చేయి. అమ్మ ఆ స్టవ్‌ని పసుపు రాసి పెట్టుకుంది. బండ ఖర్చయిపోతుందని రెండేళ్ళు కట్టెలే కాల్చింది, అది వేరే కథ.

కాబట్టి నాకో పట్టుదల. అమ్మ వండే గది ఆ బుగత వంటగదిని తలదన్నేలా ఉండాలి. రాయి కూడా మన జిల్లాదే అవ్వాలి. టెక్కలి చుట్టుపక్కల క్వారీల్లోంచి తీసే నీలి గ్రానైట్ పై దేశాలకి ఎగుమతి అవుతుంది. ఎవరెవరి వంటిళ్ళలోనో మెరిసే రాయి, ఆ కొండ కింద పుట్టినదాని ఇంట్లో ఎందుకు ఉండకూడదు? ఏరి కోరి అదే కొన్నాను.

తప్పు ఎక్కడ మొదలయిందంటే, నేను హాబ్ ఆలస్యంగా కొన్నాను. పలక పరిచేసేరు. కింద ప్లైవుడ్ కప్‌బోర్డులు బిగించేసేరు. రంగులు కూడా అయిపోయేయి. అప్పుడు హాబ్ వచ్చింది. ముందే కొని, దాని కాగితంలో ఉండే కన్నం కొలత పలక కొన్న చోట ఇచ్చి ఉంటే, వాళ్ళు పెద్ద మిషన్ మీద నీళ్ళు పారిస్తూ కోసి పంపేవారు. ఇప్పుడు ఇంట్లోనే, పరిచిన పలక మీదే కొయ్యాలి.

ఆదివారం పొద్దున్న ఒక కుర్రాడు వచ్చేడు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి. టెక్కలి అవతల ఏదో ఊరు. చేతి కట్టరు, డ్రిల్లు, టేపు, పెన్సిలు. పనిమంతుడు. హాబ్‌ని తలకిందులుగా పెట్టి కొలుచుకున్నాడు. గాజు పలక కొలత కాదు, కింద దిగే డబ్బా కొలత. కాగితంలో ఉన్న కొలతతో సరిచూసుకున్నాడు. ముందు వైపూ వెనక వైపూ పలక సన్నబడకుండా చూసి గీత గీసేడు.

"మూలలు నలుచదరంగా కోసెత్తే అక్కణ్ణించి పగులు తీస్తాది మేడమ్. వేడికి ఇంకా బేగి తీస్తాది. అందుకని ముందు నాలుగు మూలల్లోనూ గుండ్రంగా కన్నాలు ఎయ్యాలి, ఆటిని కలుపుతా కొయ్యాలి" అన్నాడు.

కన్నాలేసేడు. కట్టరు చేతిలోకి తీసుకుని, "నీల్ల మిషన్ తెచ్చుకుంటే బాగున్ను. నీల్లు పడతా ఉంటే దుమ్ము లెగదు. కానీ నీల్లు కిందకి దిగుతాయి మరి" అన్నాడు.

నేను కప్‌బోర్డుల వైపు చూసేను. ప్లైవుడ్‌కి పెట్టిన డబ్బు గుర్తొచ్చింది. "అయ్యో, నీళ్ళొద్దు బాబూ. పాడైపోతాయి. దుమ్మయితే తుడుచుకుంటాం" అన్నాను.

"అలాగే మేడమ్. అలవాటే" అన్నాడు. తువ్వాలు మొహానికి చుట్టుకున్నాడు.

నేను గదిలోంచి బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసేను. దుమ్ము హాల్లోకి రాకూడదు కదా. కట్టరు అరుపు మొదలయింది. ఒకవైపు అయింది. రెండో వైపు అయింది. తలుపు సందుల్లోంచి తెల్లగా పొగలా వస్తోంది. రాయి నీలం, పొడి మాత్రం తెలుపు.

పెరట్లో బట్టలు ఆరేస్తున్న అమ్మ ఆ వాసనకి లోపలికొచ్చింది. తలుపు తోసింది. లోపల మనిషి కనపడలేదు. కనుబొమ్మలు కూడా తెల్లబడ్డ ఒక ఆకారం కట్టరు మీదకి వంగి ఉంది.

"ఆపరా నాయినా! ఆ మిషన్ ఆపు ముందు!" అని అరిచింది. తరవాత నా వైపు తిరిగింది.

"ఒలే, నీకు సదువొచ్చింది గానీ మీ చిన్నాన్న దగ్గు గుర్తు నేదేటే?"

*

మా చిన్నాన్న పద్దెనిమిదో ఏట క్వారీ పనిలోకి వెళ్ళేడు. బాంబు కన్నాలకి డ్రిల్లు పట్టేవాడు. ఎండు డ్రిల్లు. సాయంత్రం ఇంటికొస్తే పిన్ని ముందు కొబ్బరి చీపురుతో అతని బట్టలు దులిపేది, తరవాత నీళ్ళు తోడేది. ముప్పై అయిదు దాటేక దగ్గు పట్టుకుంది. మెట్లెక్కితే ఆయాసం. ఆసుపత్రికి తీసుకెళితే టీబీ అన్నారు. మందులు వాడేడు, తగ్గలేదు. మళ్ళీ వాడేడు. మూడోసారీ వాడేడు. కళ్ళె పరీక్షలో ఏమీ లేదన్నా టీబీ మందులే ఇచ్చేరు. "సరిగ్గా మింగట్లేదు, తాగుతున్నాడు" అని తిట్టేరు. నలభై ఒకటో ఏట పోయేడు.

ఆ ఎక్స్‌రేలు ఇప్పుడు మా దగ్గర లేవు. అది సిలికోసిస్ అని నేను ఏ కోర్టులోనూ రుజువు చెయ్యలేను. నాకు కచ్చితంగా తెలిసింది ఒక్కటే: మూడుసార్లు మందులు రాసిన చోట ఒక్కసారి కూడా ఎవరూ "నువ్వేం పని చేస్తావు?" అని అడగలేదు. పేరు అడిగేరు, ఊరు అడిగేరు. కులం కాలమ్ నింపేరు. పని అడగలేదు.

సిలికోసిస్ సంగతి తెలియని విద్యార్థుల కోసం నాలుగు మాటలు. గ్రానైట్‌లో పలుగురాయి ఉంటుంది. మామూలు గ్రానైట్‌లో అయిదో వంతుకి తక్కువుండదు, సగం దాటడమూ ఉంది. నల్ల గ్రానైట్ పేరుతో అమ్మే కొన్ని రాళ్ళలో బాగా తక్కువ. ఈ పలుగురాయే సిలికా. దాన్ని కోసినా, డ్రిల్లు వేసినా, రుద్దినా లేచే దుమ్ములో కంటికి కనపడేది ముక్కులోనే ఆగుతుంది. కనపడనిదే ప్రమాదం. తలవెంట్రుక మందంలో పదో వంతు కన్నా చిన్న రేణువులు ఊపిరితిత్తుల అడుగుకి పోయి అక్కడే ఉండిపోతాయి. వాటి చుట్టూ పుండు మానిన మచ్చలాంటి గట్టి కణజాలం పెరుగుతుంది. అది గాలి పీల్చుకోదు. పని మానేసినా జబ్బు ఆగకపోవచ్చు. మందు లేదు. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్ళకి టీబీ సులువుగా అంటుకుంటుంది. అందుకే రెండూ కలిసిపోతాయి, ఒకదాని పేరు మీద ఇంకోటి దాక్కుంటుంది. తువ్వాలు ఆ రేణువుల్ని ఆపదు. తువ్వాలు ఆపుతుందని అనుకోవడం మనకి మనశ్శాంతినిస్తుంది, అంతే.

దీనికి మందు లేదు గానీ అడ్డు ఉంది. అది కూడా ఖరీదయిన అడ్డు కాదు. నీళ్ళు. రంపం రాయిని తాకే చోట నీళ్ళు పడుతుంటే చాలావరకు దుమ్ము గాల్లోకి లేవకుండా బురదగా కిందకి జారిపోతుంది.

ఈ సంగతి ప్రపంచానికి కొత్తది కాదు. 1930లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, గాలీ బ్రిడ్జ్ అనే ఊరి దగ్గర, నదిని మళ్ళించడానికి కొండలోంచి దాదాపు 3 మైళ్ళ సొరంగం తవ్వేరు. హాక్స్ నెస్ట్ సొరంగం అంటారు. ఆ కొండలో సిలికా ఎక్కువ. నీళ్ళతో డ్రిల్లు వేస్తే పని నెమ్మదిస్తుందని ఎండు డ్రిల్లు వేయించేరు. లోపల పనిచేసినవాళ్ళలో ఎక్కువమంది దక్షిణాది నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చిన నల్లజాతివాళ్ళు. నెలల వ్యవధిలోనే జబ్బుపడ్డారు. తెల్లవాళ్ళ శ్మశానాల్లో చోటు లేక ఎంతోమందిని ఒక పొలంలో పూడ్చేరు. మార్టిన్ చెర్నియాక్ అనే వైద్యుడు 1986లో అచ్చువేసిన పుస్తకంలో చనిపోయినవాళ్ళు 764 మంది ఉంటారని అంచనా వేసేడు. మ్యూరియల్ రుకైజర్ అనే కవయిత్రి అక్కడికెళ్ళి, బతికున్నవాళ్ళ మాటలు విని, 1938లో ఒక దీర్ఘకావ్యం అచ్చువేసింది. శ్మశానంలో చోటు లేకపోవడం అనే మాట దగ్గర మన పిల్లలకి వివరణ అక్కర్లేదు.

అది తొంభై ఏళ్ళ కిందటి మాట కదా అంటారేమో. మన కాలంలోకే రండి. వంటగట్ల కోసం పలుగురాయి పొడిని జిగురుతో అతికించి పలకలు తయారుచేస్తున్నారు. వాటిలో చాలా రకాల్లో సిలికా 90 శాతం దాకా ఉంటుంది. ఆ పలకలకి సింకు కన్నాలూ స్టవ్ కన్నాలూ కోసిన కుర్రాళ్ళు ముప్పైల్లోనే ఊపిరితిత్తులు పాడై పడుతుంటే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ రాయినే నిషేధించింది. దేశం మొత్తానికి అలాంటి నిషేధం పెట్టడం ప్రపంచంలో అదే మొదలు. అక్కడి కార్మిక సంఘాలు పట్టుపట్టి సాధించిన నిషేధం అది. స్టవ్ కన్నం అంత చిన్న విషయం కాదని దీని అర్థం.

*

ఇప్పుడు నా విషయానికొస్తాను.

ఏటా మార్చి 20కి మా విద్యార్థులకి మహాద్ గురించి చెప్తాను. 1927లో బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో నడిచి చవదార్ చెరువు నీళ్ళు దోసిలితో తాగిన రోజు. నీళ్ళని మన మనిషితనంతో ముడిపెట్టిన పోరాటం అది. ఆ పాఠం చెప్తూ మా అమ్మ తోమిన గిన్నెల మీద జల్లిన నీళ్ళ గురించి కూడా చెప్తాను. పిల్లలు నిశ్శబ్దం అయిపోతారు.

అలాంటి నేను, నా ఇంట్లో, ఒక కుర్రాడి ఊపిరికి అడ్డుగా ఉండాల్సిన నీళ్ళని వద్దన్నాను. ప్లైవుడ్ తడుస్తుందని. వెనక్కొచ్చి తలుపు కూడా వేసేను. కిటికీ తెరవాలని కూడా తోచలేదు, కిటికీలోంచి దుమ్ము ఉతికిన బట్టల మీద పడుతుందని.

నేను కులం చూసి ఆ మాట అనలేదు, నిజమే. బుగత ఇంటి ఆడవాళ్ళు కూడా అమ్మతో ఏనాడూ తిట్టుగా మాట్లాడలేదు. వాళ్ళకి వాళ్ళ గిన్నెల శుభ్రం ముఖ్యం. నాకు నా కప్‌బోర్డుల శుభ్రం ముఖ్యం అయింది. ఎదుటి మనిషి ఒళ్ళు మన వస్తువు కన్నా తక్కువ ఖరీదు అనే లెక్క కులం మనకి నేర్పిందే. ఆ లెక్క నేర్చుకోడానికి పైకులంలో పుట్టక్కర్లేదు, జీతం వస్తే చాలు. ఇది ఎవరినో ఉద్దేశించి రాయట్లేదు. నా పేరు పెట్టుకునే రాస్తున్నాను.

"అలవాటే మేడమ్" అన్న మాట కూడా నన్ను వదల్లేదు. మా చిన్నాన్న కూడా అదే అనేవాడు.

ఆ రోజు పని అక్కడితో ఆపించేం. అమ్మ అతణ్ణి పెరట్లో కూర్చోబెట్టి మొహం కడుక్కోమంది. టీ కోసం వంటగది వైపు పిలిస్తే గుమ్మం దగ్గరే ఆగిపోయేడు. అప్పుడే గోడ మీద బాబాసాహెబ్ ఫోటో చూసేడు.

"మీరు మనోల్లేనా?" అన్నాడు.

"మనోల్లమే" అంది అమ్మ. నేను ఏమీ అనలేకపోయేను.

అప్పటి నుంచి మేడమ్ పోయి అక్కా అయింది. ఆ పిలుపు నాకు హాయిగా ఏమీ లేదు. మనవాళ్ళం కాకపోయినా దుమ్ము దుమ్మే కదా. చాలా ఇళ్ళలో తాగడానికి నీళ్ళు బయట కొళాయి దగ్గరే పట్టుకోమంటారని మాటల్లో చెప్పేడు. అంటే తాగే నీళ్ళు బయట, కోసే చోట అసలు నీళ్ళే లేవు.

*

మర్నాడు ఎలా చేసేమో వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

మామూలు చేతి కట్టరు మీద మగ్గుతో నీళ్ళు పొయ్యకూడదు. కరెంటు షాకు కొడుతుంది. నీళ్ళ గొట్టం తగిలించిన మిషన్ ఉంటుంది, అది అద్దెకి తెచ్చేడు. కరెంటు లీకైతే వెంటనే ఆగిపోయే బ్రేకర్ ఉన్న లైనుకే ప్లగ్గు పెట్టేం. కింద సొరుగులు ఊడదీసేం. కప్‌బోర్డు లోపలంతా ప్లాస్టిక్ షీటు అతికించి అడుగున టబ్బు పెట్టేం. అమ్మ చపాతీ పిండి ముద్ద కలిపి, మడికి గట్టు కట్టినట్టు గీత చుట్టూ గట్టు కట్టింది, నీళ్ళు పక్కకి పారకుండా. కిటికీ బార్లా తెరిచేం. ఎన్95 మాస్కు పెట్టుకోమన్నాం. కోసిన ముక్క ఒక్కసారిగా ఊడి పడకుండా కింద చెక్క ఆనించేడు. మిగిలిన రెండు వైపులూ కోసేడు. గదిలో దుమ్ము దాదాపు లేదు. బూడిదరంగు బురద మాత్రం మిగిలింది. అది ఆరితే మళ్ళీ దుమ్మే, కాబట్టి చీపురు పెట్టకుండా తడిగుడ్డతో ఎత్తేం.

ప్లైవుడ్ తడవలేదు. అదనంగా అయింది ఒక రోజు కూలి, మిషన్ అద్దె, అరకిలో పిండి.

తరవాత హాబ్ బిగించడం. హాబ్‌తో పాటు మెత్తటి నురుగు టేపు వస్తుంది. దాన్ని గాజు అంచు కింద చుట్టూ సందు లేకుండా అంటించాలి. గంజి పొంగినా నీళ్ళు ఒలికినా కిందకి దిగకుండా ఆపేది అదే. గాజు కింద సిలికాన్ పూసి అతికించొద్దని కుర్రాడు చెప్పేడు. రేపు రిపేరుకి తియ్యాలంటే గాజు పగులుతుంది. కింద నుంచి క్లిప్పులు సమంగా బిగించేడు, ఒకవైపు ఎక్కువ బిగిస్తే గాజు మీద ఒత్తిడి. గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీదకి దిగుతుంది కాబట్టి కప్‌బోర్డు అడుగు భాగంలో గాలి కన్నాలు పెట్టించేం. గ్యాస్ గొట్టం జాయింట్లకి సబ్బు నురుగు రాసి బుడగలు రాలేదని చూసుకున్నాం.

*

చదువుతున్న విద్యార్థులకీ ఉద్యమ మిత్రులకీ మూడు మాటలు చెప్పి ముగిస్తాను.

ఇల్లు కట్టేవాళ్ళు మన బంధువుల్లో ఉంటే, రాయి పరచకముందే హాబ్, సింకు కొనమనండి. కొలత ఇచ్చి మిషన్ మీద నీళ్ళతో కోయించమనండి. ఇంట్లోనే కొయ్యక తప్పకపోతే నీళ్ళ మిషన్‌కీ ఇంకో రోజు కూలికీ డబ్బు మనమే పెట్టుకోవాలి. "అలవాటే" అన్న మాటని అనుమతి అనుకోకూడదు.

మీ ఊళ్ళో రాతిపని చేసేవాళ్ళుంటే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదయిందో లేదో అడగండి. 1996 చట్టంతో వచ్చిన బోర్డు అది. 18 నుంచి 60 ఏళ్ళ లోపువాళ్ళు, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవాళ్ళు అర్హులు. మా ఇంటికొచ్చిన కుర్రాడికి ఆ కార్డు లేదు. ఆరేళ్ళుగా పనిచేస్తున్నాడు. అతని కాగితాలు ఇప్పుడు నా బల్ల మీద ఉన్నాయి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. దగ్గుతో ఆసుపత్రికి వెళ్ళే క్వారీ మనిషితో పాటు మీరు వెళ్ళండి. డాక్టరు అడక్కపోయినా, "ఈయన ఇన్నేళ్ళు రాయి కోసేడు" అని చెప్పండి, చీటీ మీద రాయించండి. ఎక్స్‌రే పారెయ్యకండి. 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి కార్మిక పరిహార చట్టం జాబితాలోనూ, 1948 ఫ్యాక్టరీల చట్టం జాబితాలోనూ సిలికోసిస్‌కి పేరుండేది. పరిహారం అడగాలంటే జబ్బుకి ఆ పేరు పడాలి. పేరు పడాలంటే పని రాసి ఉండాలి. మన జిల్లాలోనే ఉద్దానం చూడండి. కిడ్నీ జబ్బుతో జనం పోతున్నారని ఏళ్ళ తరబడి అరిచి, లెక్కలు అడిగి, ఊరి పేరుని జబ్బుకి అంటించేరు కాబట్టే 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరుచుకున్నాయి. జబ్బు పోలేదు. కానీ ఇప్పుడు దాన్ని లేదనేవాడు లేడు. రాతి దుమ్ము జబ్బుకి మన దగ్గర ఇంకా ఆ పని జరగలేదు. ఈ వేసవి సెలవుల్లో ఎవరి ఊళ్ళో వాళ్ళు నలుగురు రాతిపనివాళ్ళ దగ్గర కూర్చుని, ఎన్నేళ్ళు చేసేరు, తడి డ్రిల్లా ఎండు డ్రిల్లా, దగ్గు ఎప్పటి నుంచి అని రాసుకొస్తే అక్కడి నుంచి మొదలెడదాం. నేను మా పిన్ని దగ్గర మొదలెట్టేను.

హాబ్ మీద అమ్మే మొదట టీ పెట్టింది. ముగ్గురం వంటగదిలోనే నిలబడి తాగేం. బాగానే పనిచేస్తోంది. ఆ కన్నానికి నాలుగు అంచులు. రెండు ఎండుగా కోసినవి, రెండు నీళ్ళతో కోసినవి. పైన గాజు పలక కప్పేసింది, చూసినవాళ్ళకి ఏది ఏదో తెలియదు. నాకు తెలుసు. ముందు వైపుదీ, ఎడమ వైపుదీ.

జై భీమ్.